మాట మహిమ – మాట మాయ

భాష భావవ్యక్తీకరణకు సాధనమని మనం చిన్ననాటి నుండి పాఠ్యపుస్తకాలలో చదువుకుంటూ వస్తున్నాము. ఈ నిర్వచనంలో దోషం లేదు గాని లోపం ఉన్నది. మనసులో ముందుగానే సిద్ధమై ఉన్న భావాన్ని వెలికి తెచ్చే పాత్ర మాత్రమే భాష అయినట్లయితే, ఒకే సరుకును ఒక పేరుతో పిలిచినప్పుడు కొననివాడు మరొక పేరుతో పిలిచినప్పుడు ఎందుకు కొంటున్నాడు? ఒకే వీధిలో పుట్టి, ఒకే బావి నీరు త్రాగి పెరిగిన ఇద్దరిలో ఒకరు "మనవారు", మరొకరు "వారు" ఎట్లా అవుతున్నారు? భాష భావాన్ని మోయడమే గాక భావాన్ని పుట్టిస్తుంది, కోరికను రేపుతుంది, మనిషికి తానెవరో చెబుతుంది. ఎదుటివాడు ఎవరో కూడ తానే నిర్ణయిస్తుంది. కనుక భాషను మార్కుల కొరకు చదివి మరచిపోయే విద్యార్థి తన చేతిలోని ఆయుధాన్ని తానే పారవేసుకుంటున్నాడని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారాలను బజారు నుండి, చరిత్ర నుండి, మన నిత్యవ్యవహారం నుండి చూపుటకు ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను.

11వ శతాబ్దికి చెందిన మమ్మటుడు "కావ్యప్రకాశం"లో కావ్యప్రయోజనాలను చెబుతూ, కావ్యం కాంతవలె ఉపదేశిస్తుందన్నాడు. దీనిని వివరించే సందర్భంలో మన ఆలంకారికులు ఉపదేశాన్ని మూడు విధాలుగా విభజించారు. రాజు ఆజ్ఞాపించినట్లు చెప్పేది ప్రభుసమ్మితం. వేదం ఇట్టిది. స్నేహితుడు మంచిచెడ్డలు విడమరచి చెప్పినట్లు చెప్పేది మిత్రసమ్మితం. పురాణేతిహాసాలు ఇట్టివి. ప్రియురాలు మనసు కరిగించి, మనకు తెలియకుండానే మనచేత ఒప్పించినట్లు చెప్పేది కాంతాసమ్మితం. కావ్యం ఈ మూడవ కోవకు చెందినది. ఈ విభజన కావ్యానికే పరిమితమని మనం అనుకుంటాము. కాని వీధిలోకి వచ్చి చూస్తే మూడు గొంతులూ వినిపిస్తాయి. "ఇచట పొగ త్రాగరాదు" అన్న పలక ప్రభుసమ్మితం. "ఆ కంపెనీ పంకా కొనకు, ఏడాదికే పాడైంది" అన్న పొరుగువాని మాట మిత్రసమ్మితం. ఇక గోడల మీద, పత్రికలలో, టెలివిజన్లో, చేతిలోని ఫోనులో రేయింబవళ్ళు మనతో మాట్లాడే వ్యాపార ప్రకటన కాంతాసమ్మితం. అది ఆజ్ఞాపించదు, వాదించదు. బుజ్జగిస్తుంది.

అరబ్బీ సంప్రదాయం కూడ ఈ విషయాన్ని తక్కువ చేసి చూడలేదు. అరిస్టాటిల్ వ్రాసిన వక్తృత్వ శాస్త్రం అరబ్బీలోకి "ఖితాబత్" అనే పేరుతో అనువాదమైనది. ఫారాబీ, ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్ వంటి మహామేధావులు దానిపై వ్యాఖ్యానాలు రచించారు. మాటను సందర్భోచితంగా, ప్రభావవంతంగా పలికే విద్యకు "బలాగత్" అని పేరుపెట్టి, దానిని ప్రత్యేక శాస్త్రంగా మదరసాలలో నేటికీ బోధిస్తున్నారు. ఎదుటివానిని ఒప్పించే శక్తి మాటకు ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నను ఈ విధంగా మన రెండు వారసత్వాలూ శ్రద్ధగా విచారించినవి. ఉర్దూ విభాగమూ తెలుగు విభాగమూ ఒకే వరండాలో ఉన్న కళాశాలకు ఇంతకంటె సహజమైన చర్చనీయాంశం మరొకటి ఉండదు.

పెద్ద ఉదాహరణలకు పోకముందు చిన్న ఉదాహరణ ఒకటి తీసుకొందాము. మన కిరాణా దుకాణాలలో గల్లాపెట్టె వెనుక వ్రేలాడే అట్టముక్క మీద "అప్పు రేపు" అని వ్రాసి ఉండడం అందరూ ఎరిగినదే. ఉర్దూ మాట్లాడే బస్తీలలో ఇదే భావం "ఆజ్ నఖద్, కల్ ఉధార్" అని దర్శనమిస్తుంది. దుకాణదారుడు "అప్పు ఇవ్వను" అనలేదు. ఇస్తానన్నాడు, రేపు ఇస్తానన్నాడు. చదివిన ప్రతి దినమూ "నేడే" గనుక ఆ రేపు ఎన్నటికీ రాదు. వాచ్యార్థంలో అంగీకారం, వ్యంగ్యార్థంలో నిరాకరణ. దీనివల్ల కొనేవానికి అవమానం లేదు, అమ్మేవానికి బేరం పోదు. రెండే రెండు పదాలు ఇన్ని పనులు చేయడం సామాన్యం కాదు. ఇందులో గమనింపవలసినది మరొకటి ఉన్నది. ఆ పలకలోని వ్యంగ్యం అమ్మేవానికీ తెలుసు, కొనేవానికీ తెలుసు. ఇద్దరూ నవ్వుకోగలరు. అందుచేతనే అది చమత్కారమైనది. వ్యంగ్యం ఒక్కరికే తెలిసి రెండవవానికి తెలియనప్పుడు అదే మాట మోసమవుతుంది. ఈ గీటురాయిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా కోరుతున్నాను. ఇకముందు మనకు దీనితో పని ఉన్నది.

తెలుగుదేశంలో పేరు పెట్టడంలోని మహిమకు రెండు మందుసీసాలు గొప్ప సాక్ష్యాలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో తలనొప్పి మందు తయారుచేసి దానికి "అమృతాంజనం" అని నామకరణం చేశారు. అమృతం మృత్యువును జయింపజేసేది. అంజనం కాటుక. కాని తెలుగువాని మనసులో "అంజనం వేసి చూడడం" అనే మాట ఉన్నది. దాచిన నిధిని, పోయిన వస్తువును చూపించే మంత్రపు కాటుక అది. నొప్పికి పూసే లేపనానికి ఈ రెండు పదాలను జతచేసిన క్షణంలోనే సగం ప్రచారం పూర్తయినది. సంగీత కచేరీలలో ఉచితంగా పంచి ఆ పేరును జనం నోళ్ళలో నాటారు. ఆ లేపనం మీద వచ్చిన ధనం 1908లో ఆంధ్రపత్రికకు, 1924లో భారతి మాసపత్రికకు ఊపిరిపోసింది. వ్యాపార ప్రకటనను ద్వేషించే సాహిత్యపరులు ఈ సంగతి మరువరాదు. ఒక చక్కని పేరు తెలుగు సాహిత్యానికి అర్ధశతాబ్దికి పైగా అన్నం పెట్టినది.

రెండవది "జిందా తిలిస్మాత్". 1920లో హైదరాబాదులో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ ప్రారంభించిన యునానీ మందు ఇది. "జిందా" అనగా సజీవమైనది. "తిలిస్మ్" అనగా మాయ, ఇంద్రజాలం. దాని బహువచనమే "తిలిస్మాత్". ఈ పదం గ్రీకు నుండి అరబ్బీకి వచ్చినది, తాలిస్మన్ అనే ఆంగ్లపదం కూడ ఆ కుదురులోనిదే. తెలుగు పల్లెలలో ఈ పేరుకు అర్థం తెలిసినవారు ఎందరు? బహుకొద్దిమంది. అయినను పల్లె గోడల మీద తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో వ్రాసిన ఆ పేరును, పక్కనున్న హబ్షీ వీరుని బొమ్మను తరతరాలు గుర్తుపట్టినవి. ఇక్కడ పనిచేసినది అర్థం కాదు, నాదం. అర్థం తెలియని మంత్రానికి ఎక్కువ శక్తి ఉన్నదని నమ్మే మనసు ఎక్కడైనా ఉన్నది. ఆ రెండు మందుల గుణదోష విచారణ నా పని కాదు. ఒకటి సంస్కృతం నుండి, మరొకటి అరబ్బీ ఫార్సీల నుండి పేరు తెచ్చుకొని, రెండూ ఇంద్రజాలాన్నే స్ఫురింపజేసి, రెండూ ఒకే తెలుగు ఇంటి గూటిలో పక్కపక్కన కూర్చున్నవి. మతాలు వేరైనా మాట పనిచేసే తీరు ఒకటేనని చెప్పుటకు ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

శబ్దానికి మూడు శక్తులున్నవని మన శాస్త్రం చెబుతున్నది. సూటిగా అర్థం చెప్పేది అభిధ. ఆ అర్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన మరొక అర్థాన్ని ఇచ్చేది లక్షణ. చెప్పకుండా స్ఫురింపజేసేది వ్యంజన. 9వ శతాబ్దిలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు "ధ్వన్యాలోకం" రచించి ఈ మూడవ శక్తికి పట్టం కట్టాడు. కావ్యానికి ప్రాణమన్న ఆ ధ్వనే నేడు వ్యాపార ప్రకటనకు పెట్టుబడి. "70 శాతం వరకు తగ్గింపు" అన్న పలకను చూడండి. 70 అన్న అంకె మూరెడు ఎత్తున ఉంటుంది, "వరకు" అన్న పదం చీమ తలకాయంత ఉంటుంది. కాని వాక్యార్థాన్ని శాసించేది ఆ చీమ తలకాయే. ఒక్క వస్తువుపై 70 శాతమూ మిగిలిన వాటిపై 5 శాతమూ తగ్గించినా ఆ వాక్యం అబద్ధం కాదు. "99 రూపాయల నుండి" అన్నచోట "నుండి" చేసే పని కూడ ఇదే. విభక్తి ప్రత్యయాలు, అవ్యయాలు ఎందుకు నేర్చుకోవాలని విసుగుకొనే విద్యార్థి బట్టల దుకాణం ముందు నిలబడి ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది. అతని జేబులోని డబ్బు ఒక ప్రత్యయం మీద ఆధారపడి ఉన్నది.

"చట్టం లేదా?" అని అడుగవచ్చు. ఉన్నది. మంత్రతంత్రాలతోను, తాయెత్తులతోను రోగాలు కుదురుస్తామనే ప్రకటనలను, కొన్ని వ్యాధులకు మందులున్నవనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించినది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం వచ్చినది. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మరల చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం దాని క్రింద ఏర్పడిన ప్రాధికార సంస్థకు ఉన్నది. ప్రకటనలో కనిపించి సిఫారసు చేసిన ప్రముఖులను కూడ ఏడాది పాటు, మరల చేస్తే మూడేళ్ళ వరకు అట్టి పనికి దూరంగా ఉంచవచ్చును. స్పష్టంగా చెప్పిన అబద్ధాన్నే గాక, స్ఫురింపజేసిన అబద్ధాన్ని, దాచిపెట్టిన నిజాన్ని కూడ ఈ చట్టం లెక్కలోకి తీసుకొన్నది. సంతోషమే. కాని అభిధను పట్టుకొన్నంత సులువుగా వ్యంజనను పట్టుకోవడం న్యాయస్థానానికి సాధ్యం కాదు. "తెల్లగా చేస్తాము" అన్న మాటకు రుజువు అడుగవచ్చు. మబ్బు వీడిన ముఖంతో ఉద్యోగం సంపాదించుకొన్న అమ్మాయి బొమ్మకు రుజువు ఏమని అడుగుతాము? ఆ పని చదువరి బుద్ధి చేయవలసిందే.

ముఖ వర్ణం మాట వచ్చినది గనుక ఒక సంగతి. 1975లో మన దేశంలో విడుదలైన "ఫెయిర్ అండ్ లవ్లీ" అనే ముఖలేపనం 2020లో "గ్లో అండ్ లవ్లీ"గా పేరు మార్చుకొన్నది. తెల్లదనమే అందమన్న భావాన్ని ప్రపంచమంతటా ప్రశ్నిస్తున్న రోజులవి. తెలుపును సూచించే పదం పోయి కాంతిని సూచించే పదం వచ్చినది. ఒక్క పదాన్ని మార్చవలసి రావడమే ఆ పదానికి ఎంత బలమున్నదో చెబుతున్నది. అది మంచి మార్పే. కాని నల్లని పిల్లకు పెండ్లి కాదేమోనని బెంగపడే ఇల్లు తన మాటను ఇంకా మార్చుకోలేదు. "నలుపైనా కళగా ఉంది" అని మన ఇండ్లలో మెచ్చుకోలుగా అనే మాటలో ఆ "ఐనా" ఏమి చేస్తున్నదో ఆలోచించండి. డబ్బీ మీది పేరును కంపెనీ మార్చగలదు, ఈ "ఐనా"ను మనమే మార్చుకోవాలి.

విద్యార్థులకు మరింత దగ్గరి ఉదాహరణ పరీక్షా ఫలితాల దినం నాటి ప్రకటనలు. "ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు, మూడు" అంటూ టెలివిజన్లో అంకెలు మంత్రంవలె వినిపిస్తాయి. పత్రికల మొదటి పుటలలో చిన్నచిన్న ముఖాలు వరుసలు తీరుతాయి. అందులో ఒక్క అబద్ధం ఉండకపోవచ్చు. ఆ ర్యాంకులు నిజంగా వచ్చినవే కావచ్చు. కాని ఎంతమంది పరీక్ష వ్రాస్తే అన్ని ర్యాంకులు వచ్చినవన్న అంకె ఆ పుటలో ఎక్కడా కనిపించదు. చదువలేక నడుమ ఇంటికి పోయినవారి ముఖాలు ఉండవు. అప్పుచేసి ఫీజు కట్టే తండ్రి ఆ పుటలో తన బిడ్డ ముఖాన్ని ఊహించుకొంటాడు. ఇక్కడ వ్యంగ్యం ప్రకటనకర్తకే తెలుసు, తండ్రికి తెలియదు. మనం ముందు చెప్పుకొన్న గీటురాయి మీద ఈ బంగారం నిలవదు. 2024 నవంబరులో కోచింగు సంస్థల ప్రకటనలకు కేంద్ర ప్రభుత్వం నియమావళి ప్రకటించి, నూటికి నూరు ఉత్తీర్ణత, ఉద్యోగ హామీ వంటి ప్రగల్భాలను కట్టడి చేయబూనడం ఈ ప్రమాదాన్ని గుర్తించినందువల్లనే.

పండుగలను కూడ బజారు వదలలేదు. ఉపవాసానికి, నిగ్రహానికి, దానానికి నెలవైన మాసం పేరు పక్కన "ధమాకా" అని వ్రాసిన పలకలు రంజాన్ రోజులలో మన వీధుల నిండ ఉంటాయి. ధమాకా అనగా ప్రేలుడు. ఆకలి విలువ తెలుసుకొనమన్న మాసానికీ, ఉన్నదంతా కొనివేయమన్న ప్రేలుడుకూ పొత్తు ఎట్లా కుదిరినదో మనం అడుగడం లేదు. అక్షయ తృతీయ నాడు బంగారం కొనకపోతే అరిష్టమేమోనన్న భయం, శుభకార్యాలు లేని ఆషాఢానికి తగ్గింపు ధరల వైభవం ఇట్టివే. భక్తుని మనసులో తరతరాలుగా ఒక పదానికి కూడిన పవిత్రతను వ్యాపారి వడ్డీ లేకుండా వాడుకొంటున్నాడు. వ్యాపారం తప్పు కాదు. ఇస్లాం ప్రవక్త స్వయంగా వర్తకం చేసినవారు, సరుకులోని లోపాన్ని దాచరాదని బోధించినవారు. తప్పు మాటను అరువు తీసుకొని దాని గౌరవాన్ని తిరిగి చెల్లించకపోవడంలో ఉన్నది.

ఇంతవరకు మాట మనచేత ఏమి కొనిపిస్తున్నదో చూచినాము. ఇక మాట మనలను ఏమి చేస్తున్నదో చూడవలె.

తెలుగులో "రైతు" కంటె తెలుగుదనం ఉట్టిపడే మాట ఏమున్నది? అది "రయ్యత్" అనే అరబ్బీ పదం. జిల్లా, తహసీలు, వకీలు, జామీను, హక్కు, వసూలు, బాకీ, జమ, ఖర్చు, రసీదు, కాగితం, కలం, కుర్చీ, జేబు ఇవన్నియు అరబ్బీ ఫార్సీల నుండి వచ్చినవి. ఇవి వచ్చి ఊరక కూర్చోలేదు, తెలుగు నేల మీద కొత్త జీవితం ఆరంభించినవి. ఉర్దూలో "ఖరీద్" అనగా కొనుగోలు, తెలుగులో "ఖరీదు" అనగా వెల. ఉర్దూలో "రాజీనామా" ఇరుపక్షాలు రాజీపడి వ్రాసుకొనే పత్రం, తెలుగులో ఉద్యోగం వదులుకొనే పత్రం. ఉర్దూవాడు ఉద్యోగం వదులుకొనేటప్పుడు "ఇస్తీఫా" ఇస్తాడు. సి. పి. బ్రౌను దొర వ్యవహారంలోని ఇట్టి పదాల కొరకే 1854లో ఒక మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకంగా వెలువరించవలసి వచ్చినదంటే, ఈ కలయిక ఎంత లోతైనదో తెలుస్తుంది. ఈ పదాలను ఏరివేస్తే తెలుగువాడు కోర్టులో దావా వేయలేడు, బజారులో బేరమాడలేడు.

ఇచ్చిపుచ్చుకోవడం పదాలతో ఆగలేదు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాను (1550–1580) తెలుగు కవులు "మల్కిభరాము"డని ప్రేమతో పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన "తపతీసంవరణోపాఖ్యానము"ను ఆయనకు అంకితమిచ్చాడు. సంస్కృత తత్సమాలు లేకుండ అచ్చతెనుగులో వెలసిన తొలి కావ్యం పొన్నిగంటి తెలగనార్యుని "యయాతి చరిత్రము". అది పటాన్‌చెరువు ప్రాంతపు అధికారి అమీన్‌ఖానుకు అంకితం. అచ్చమైన తెలుగు కావాలని కోరుకొన్నవాని పేరు అమీన్‌ఖాన్ కావడం మన సాహిత్య చరిత్రలో మరపురాని ఘట్టం. పిఠాపురపు ఉమర్ ఆలీషా (1885–1945) ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఫార్సీ నుండి తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఖురాను గ్రంథాన్ని తొలుత తెలుగు చేసినది చిలుకూరి నారాయణరావు పంతులు గారు. గాలిబును తెలుగు ఇండ్లకు 1961లో అతిథిగా తెచ్చినది దాశరథి కృష్ణమాచార్యులు. బుర్రకథకు పర్యాయపదమైన షేక్ నాజర్, శ్రీరంగనాథుని సన్నిధిలో నాదస్వరం వినిపించిన షేక్ చినమౌలానా మనవారు. ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణరెడ్డికి 1988లో జ్ఞానపీఠ పురస్కారం తెలుగు కవిత్వానికి వచ్చినది. ఉర్దూకు 1969లో జ్ఞానపీఠం తెచ్చినది రఘుపతి సహాయ్ ఫిరాఖ్. ఇంత చరిత్ర ఉండగా "ఉర్దూ ముస్లిముల భాష, తెలుగు హిందువుల భాష" అన్న మాట ఎవరి ప్రకటన? దానిని ఎవరు ఎందుకు అమ్ముతున్నారు? మనం ఎందుకు కొంటున్నాము?

"మీరు తెలుగు చాల చక్కగా మాట్లాడుతారండీ!" తెలుగు బోధించే ముస్లిం ఉపాధ్యాయులలో ఈ ప్రశంస విననివారు ఉండరు. చెప్పినవారి మనసులో కల్మషం ఉండదు, ప్రేమగానే చెబుతారు. కాని ఆ మాట అభిధలో మెప్పు, వ్యంజనలో "మీరు బయటివారు" అన్న తీర్పు. సొంత ఇంట్లో ఉన్నవానిని "ఇంట్లో చక్కగా ఉన్నారే" అని ఎవరూ మెచ్చుకోరు. కొన్ని జిల్లాలలో "ఆ వీధిలో తెలుగువాళ్ళు, ఈ వీధిలో సాయిబులు" అనడం నేటికీ కద్దు. ఈ వీధిలోని దూదేకుల వారి ఇండ్లలో ఉగ్గుపాలనాటి నుండి తెలుగే వినిపిస్తుంది. ఐనను తెలుగువాళ్ళు అన్న మాట వారిని కలుపుకోదు. ఇది ఒక పక్షపు తప్పు మాత్రమే కాదు. తెలుగును "వాళ్ళ భాష" అని చెప్పి, పిల్లవానికి తెలుగు సరిగా రాకపోవడాన్ని ఒక గొప్పగా చెప్పుకొనే ఇండ్లు మనలో లేవా? రెండు పలకలూ ఒకే గోడకు వ్రేలాడుతున్నవి.

ఒక భాషను అవమానిస్తే ఏమవుతుందో మన నగర చరిత్రే చెబుతున్నది. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కార మహాసభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులలో కొందరు గేలిచేశారు. ఆ అవమానం నుండి ఆంధ్రజనసంఘం పుట్టినది, ఆంధ్రమహాసభ పెరిగినది. తెలుగును చిన్నచూపు చూచిన నాడు తెలుగువానికి కలిగిన బాధ నేడు ఉర్దూను చిన్నచూపు చూచినప్పుడు ఉర్దూవానికీ కలుగుతుంది. ఈ రెండు బాధలూ ఎరిగిన నేలలో పుట్టిన మనం ఏ భాషకూ అట్టి సభ మరల జరగనీయకూడదు.

మన కళాశాలల ఫలకాలపై ఉండే పదాన్నే తీసుకొందాము. ఆంగ్లంలోని మైనారిటీ అన్న మాటకు తెలుగులో "అల్పసంఖ్యాక వర్గం" అని అనువాదం చేశారు. అల్ప శబ్దానికి కొంచెమన్న అర్థం నిఘంటువులో ఉన్నది. కాని తెలుగువాని చెవిలో "అల్పుడు", "అల్పబుద్ధి" అన్న మాటలు కూడ మ్రోగుతాయి. సంఖ్యను చెప్పబోయి పదం విలువను చెప్పినట్లయినది. మన రాజ్యాంగం 30వ అధికరణలో మతం ప్రాతిపదికన గాని, భాష ప్రాతిపదికన గాని అల్పసంఖ్యాకులైనవారికి తమకు ఇష్టమైన విద్యాసంస్థలు నెలకొల్పి నిర్వహించుకొనే హక్కును ప్రసాదించినది. అది దానం కాదు, హక్కు. ఈ హక్కును వాడుకొనే విద్యార్థి తన్ను తాను అల్పునిగా భావించుకొన్న నాడు, పదం హక్కును మ్రింగివేసినట్లే. మైనారిటీ అన్న ఆంగ్లపదాన్నే నేడు ఎక్కువగా వాడుతున్నందుకు కొందరు భాషాభిమానులు నొచ్చుకొంటారు. నేను నొచ్చుకోను. రైతు మనవాడైనట్లే మైనారిటీ కూడ మనదైపోనీయండి.

తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2022లోను రాష్ట్రమంతటికీ ఉర్దూను రెండవ అధికార భాషగా ప్రకటించినవి. ఆనందదాయకమే. కాని శాసనం భాషకు హోదా ఇవ్వగలదు, ప్రాణం ఇవ్వలేదు. ఉర్దూలో అర్జీ వ్రాయగలవాడు, దానిని చదువగలవాడు, ఇద్దరూ లేకపోతే ఆ హోదా గెజిట్టులోనే నిద్రపోతుంది. తెలుగు పరిస్థితి మాత్రం మెరుగా? ఇంటర్మీడియట్‌లో మార్కులు సులభమని తెలుగు వదిలి సంస్కృతం పుచ్చుకొనే తెలుగు పిల్లలు అసంఖ్యాకులు. వారు సంస్కృతం మీది ప్రేమతో పుచ్చుకొంటే నేను నమస్కరిస్తాను. ఉర్దూ తెలిసిన మన పిల్లలు ఉర్దూ లిపి చదువలేరు, తెలుగు తెలిసిన పిల్లలు తెలుగులో ఒక పుట వ్రాయలేరు. రెండు భాషలున్న ఇల్లు ఏ భాషా లేని ఇల్లుగా మారుతున్నది.

"ఇంగ్లీషు వస్తే చాలును, ఉద్యోగం వస్తుంది, ఈ అలంకారశాస్త్రం మాకెందుకు?" అనేవారు ఉన్నారు. వారి ఆందోళనను నేను తేలికగా త్రోసివేయను. ఇంగ్లీషు నేర్వవలసిందే, బాగుగా నేర్వవలసిందే. కాని వారు ఒక సంగతి గమనింపవలె. కోటానుకోట్లు వ్యయంచేసి బహుళజాతి సంస్థలు తమ ప్రకటనలను తెలుగులోకి, ఉర్దూలోకి ఎందుకు మార్పించుకొంటున్నవి? ఎన్నికలు రాగానే నాయకులు మన యాసను, మన సామెతలను ఎందుకు వెదకుకొంటున్నారు? మనిషి లెక్కలు ఏ భాషలో చేసినా, నమ్మకం మాత్రం తల్లిభాషలో పెట్టుకొంటాడని వారికి తెలుసు. మనలను ఒప్పించదలచినవారందరూ మన భాష నేర్చుకొంటుండగా, మనం దానిని మరచిపోవడం యుద్ధభూమిలో కవచం విప్పివేయడమే.

కనుక విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ మూడు మనవులు చేస్తున్నాను. మొదటిది, గోడపత్రికలో వారానికి ఒక ప్రకటనను అతికించి, దాని అభిధ ఏమి, వ్యంజన ఏమి, చెప్పక దాచినదేమి అని తెలుగులోను, ఉర్దూలోను విద్యార్థులచేత వ్రాయించవలె. దీనికి ఖర్చు జిగురు డబ్బా మాత్రమే. రెండవది, తెలుగు విద్యార్థులకు ఉర్దూ లిపి, ఉర్దూ విద్యార్థులకు తెలుగు వ్యాసరచన, పరీక్షల భయం లేకుండ సాయంకాలపు తరగతులుగా నేర్పవలె. రెండు విభాగాల ఉపాధ్యాయులు సిద్ధంగా ఉన్నారు, గది తాళం తీస్తే చాలును. మూడవది కొంచెం చేదుగా ఉండవచ్చు, క్షమించ ప్రార్థన. ఇతరుల ప్రకటనలను పరీక్షించే మనం మన ప్రవేశ ప్రకటనను కూడ ఆ గీటురాయి మీద గీయవలె. ఎందరు చేరినారు, ఎందరు పరీక్ష వ్రాసినారు, ఎందరు ఉత్తీర్ణులైనారు, ఏ పాఠ్యాంశానికి ఉపాధ్యాయుడు ఉన్నాడు, ఏ ప్రయోగశాల పనిచేస్తున్నది, ఈ వివరాలు వాచ్యార్థంలో, వరకులు నుండిలు లేకుండ, రెండు భాషలలో ప్రకటించవలె. దానివల్ల ఒకటి రెండు సంవత్సరాలు ప్రవేశాలు తగ్గవచ్చును. కాని తమ బిడ్డలను మనచేతిలో పెట్టే తల్లిదండ్రులలో అనేకులు తమ చదువు లేమివల్ల మన మాటనే నమ్ముకొని వస్తున్నారు. వారికి తెలియని వ్యంగ్యం మన ప్రకటనలో ఒక్కటి కూడ ఉండరాదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు పెద్దలు. ఆ నోటికి తోడు చెవి కూడ మంచిది కావాలని నా కోరిక. పద్యంలోని ధ్వనిని పట్టుకొన్న చెవికి పలకలోని మాయ, ప్రశంసలోని ములుకు, ప్రసంగంలోని వల దొరకకపోవు. వచ్చే విద్యాసంవత్సరం మొదటి వారంలోనే గోడపత్రిక మీద మొదటి ప్రకటన కనిపించాలని ఆశిస్తున్నాను. దానిని తెచ్చి అతికించే విద్యార్థి ఏ విభాగంవాడైనా సరే.